ఆస్తి పిల్లలకి రాసిచ్చే ముందు: పెద్దవాళ్ళు వరసగా చేసుకోవాల్సిన పనులు

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు బతికుండగా ఆస్తి మాట ఎత్తడమే అపశకునం అనుకుంటారు. "నాకిప్పుడేమైందని" అని నాన్న, "ఆ మాటలన్నీ ఎందుకిప్పుడు" అని అమ్మ వాయిదా వేస్తూ పోతారు. తీరా ఒకసారి గుండె నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరాక, చూడ్డానికొచ్చిన చుట్టాల్లో ఎవరో ఒకరు "ఇల్లు అబ్బాయి పేరు మీదకి మార్చేయండి బాబాయ్, రేపు ఏ గొడవా ఉండదు" అంటారు. డిశ్చార్జ్ అయిన కొద్ది రోజులకే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట దస్తావేజు లేఖరి దగ్గర గిఫ్ట్ డీడ్ తయారైపోతుంది.

ఆ సంతకం పెట్టే ముందు ఇది చదవండి. నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఒకటే. మీ తర్వాత ఆస్తి పిల్లలకి చేరడానికి వీలునామా చాలు. బతికుండగానే ఇల్లు రాసిచ్చేయాల్సిన అవసరం చాలా కొద్ది కుటుంబాలకే ఉంటుంది. పిల్లలు మంచివాళ్ళు కారని కాదు, కొడుకుకి వ్యాపారంలో నష్టం వచ్చి అప్పులవాళ్ళు ఆ ఇంటి మీదకి వస్తే, కొడుకే మీకన్నా ముందు పోతే, అప్పుడు మీరు ఎవరింట్లో ఉంటారన్నది ఆలోచించాలి.

ముందు కాగితాలన్నీ ఒకచోట చేర్చండి

ఒక నోటుబుక్కు తీసుకుని, ఉన్నవన్నీ రాయండి: ఇల్లు, స్థలం, పొలం, బ్యాంకు ఖాతాలు, ఎఫ్‌డీలు, పోస్టాఫీసు డిపాజిట్లు, ఎల్‌ఐసీ బాండ్లు, షేర్లు, లాకర్లో బంగారం, చేబదులు ఇచ్చినవి, తీర్చాల్సిన అప్పులు. ప్రతి స్థిరాస్తికీ ఈసీ, అంటే దాని మీద జరిగిన లావాదేవీలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయించండి. లింక్ డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల నుంచి మీదాకా వచ్చిన దస్తావేజులు ఎక్కడున్నాయో పక్కన రాసుకోండి. పొలానికి ఆంధ్రాలో అయితే మీభూమి వెబ్‌సైట్‌లో వన్-బీ (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చెప్పే రికార్డు), అడంగల్ (ఎవరి సాగులో ఉందో చెప్పే రికార్డు) చూడండి. తెలంగాణలో భూమి రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది కాబట్టి అందులో మీ పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి.

పేర్ల విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా ఇబ్బంది పెడుతుంది. పాసుపుస్తకంలో వెంకట సుబ్బమ్మ, ఆధార్‌లో సుబ్బమ్మ, బ్యాంకులో వి. సుబ్బాయమ్మ అని ఉంటే, ఆ ముగ్గురూ ఒక్కరే అని ఆమె పోయాక నిరూపించడం పిల్లల తలకి మించిన పని. మీరు ఉండగా ఒక్క రోజు ఆఫీసుకి వెళ్తే సరిపోయే పని అది.

ఆ తర్వాత ప్రతి ఆస్తి పక్కనా అది ఎలా వచ్చిందో రాయండి. ఈ కాలమే అసలైనది. మీ సంపాదనతో కొన్నది స్వార్జితం, దాన్ని ఎవరికైనా రాసుకోవచ్చు. తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే అందులో మీ వాటా వరకే మీ ఇష్టం. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే అమ్మకాలకీ బదలాయింపులకీ ఆంక్షలు ఉంటాయి. సాదాబైనామా మీద, అంటే తెల్లకాగితం మీద కొన్నదైతే, అది మీ పేరున రికార్డుల్లో ఎక్కేదాకా పిల్లలకి ఏం రాసినా గాల్లో మేడే. ఎప్పుడో పెద్దమనుషుల సమక్షంలో అన్నదమ్ములు పంచుకుని ఒక కాగితం రాసుకుని ఉంటే దాన్నీ బయటికి తీయండి. నోటిమాటగా ముందే జరిగిపోయిన పంపకాన్ని తర్వాత గుర్తు కోసం రాసుకున్న పాలుపంపిణీ లిస్టుకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ కాగితంతోనే పంపకం జరిగినట్టు ఉంటే మాత్రం రిజిస్ట్రేషన్ లేకపోతే కోర్టులో నిలబడదు. ఆ తేడా వాక్యాల్లో ఉంటుంది కాబట్టి లాయరుకి చూపించాల్సిందే.

ఆడపిల్లకి పసుపు కుంకుమ కింద ఇచ్చామని చెప్పుకునే ఎకరం, అరెకరం కూడా ఇక్కడే తేల్చండి. ముప్పై ఏళ్ళుగా కౌలు ఆమెకే ఇస్తున్నా, రికార్డుల్లో మీ పేరే ఉందంటే మీ తర్వాత ఆమె అన్నదమ్ములతో గొడవ పడాల్సి వస్తుంది. ఇచ్చింది నిజమే అయితే మీ చేతులతో ఆమె పేరున రిజిస్టర్ చేయించండి.

ఏమీ రాయకపోతే ఆస్తి ఎవరికి పోతుందో తెలుసుకోండి

హిందువుల్లో మగమనిషి ఏమీ రాయకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్ళు, బతికుంటే తల్లి, అందరికీ సమాన వాటాలు. తల్లి, భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉంటే నాలుగు వాటాలు. చాలామంది తల్లి వాటాని మర్చిపోతారు. తండ్రి ఈ మొదటి వరసలో ఉండడు, అదీ చాలామందికి తెలియదు.

ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి వాటా లేదనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. దేశమంతటికన్నా ముందే, ఎన్టీ రామారావు ప్రభుత్వం ఉండగా 1986లో ఆంధ్రప్రదేశ్ చట్ట సవరణ చేసి పెళ్ళికాని ఆడపిల్లలకి కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. 2005 సవరణతో పెళ్ళయినవాళ్ళకీ వచ్చింది. ఆ సవరణ వచ్చిన రోజుకి తండ్రి బతికుండాలా అన్న వాదనకి 2020 ఆగస్టులో వినీత శర్మ కేసులో సుప్రీంకోర్టు తెర దించింది: అక్కర్లేదు, పుట్టుకతోనే హక్కు. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలు, కోర్టు డిక్రీతో అయిన పంపకాలు మాత్రం కదలవు. కాబట్టి "కట్నం ఇచ్చాం కదా" అనేది చట్టం ముందు సమాధానం కాదు.

పిల్లల్లేని ఆడవాళ్ళు మాత్రం ఇక్కడ ఆగి ఆలోచించాలి. హిందూ స్త్రీ ఏమీ రాయకుండా పోతే, ఆమె ఉద్యోగం చేసి కొన్న ఫ్లాటు భర్త కూడా లేకపోతే భర్త తరఫు వారసులకి వెళ్తుంది. కన్నతల్లి బతికున్నా ఆమె వంతు ఆ తర్వాతే. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రం తండ్రి వారసులకి తిరిగి వెళ్తుంది. చిన్న వయసులో భర్తని పోగొట్టుకుని, ఒంటరిగా ఉద్యోగం చేసుకుంటూ అమ్మని చూసుకుంటున్న వాళ్ళకి వీలునామా అరవైలో కాదు, ఇప్పుడే కావాలి.

ముస్లింలు అప్పులూ అంత్యక్రియల ఖర్చులూ పోగా మిగిలినదాంట్లో మూడో వంతు వరకే వీలునామా రాయగలరు. వారసుల్లో ఒకరికి రాస్తే మిగతా వారసుల ఒప్పుదల కావాలి. క్రైస్తవులకి 1925 భారత వారసత్వ చట్టం పూర్తిగా వర్తిస్తుంది. వాళ్ళకి పెళ్ళయితే అంతకుముందు రాసిన వీలునామా రద్దయిపోతుంది.

వీలునామా రాయండి

స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్లకాగితం మీద, మీకు వచ్చిన భాషలో, చేత్తో రాసినా చెల్లుతుంది. కావాల్సినవి మీ సంతకం, ఇద్దరు సాక్షులు. మీరు సంతకం పెట్టడం ఆ ఇద్దరూ చూడాలి, మీ ముందే వాళ్ళూ పెట్టాలి. సాయంత్రం ఇంటికి పంపిస్తే సంతకం పెట్టి పంపుతానన్న సాక్షి పనికిరాడు.

సాక్షిగా మీ వయసు స్నేహితుణ్ణి పెట్టుకోవడం సహజమే కానీ, రేపు కోర్టులో వీలునామాని రుజువు చేయాలంటే సాక్షుల్లో కనీసం ఒకరైనా వచ్చి చెప్పాలి. అందుకని మీకన్నా బాగా చిన్నవాళ్ళని, ఊళ్ళోనే ఉండేవాళ్ళని, ఆస్తిలో వాటా రానివాళ్ళని పెట్టుకోండి. క్రైస్తవులకైతే ఇది ఇంకా ముఖ్యం. సాక్షికి గానీ సాక్షి భార్యకి, భర్తకి గానీ రాసిన వాటా చెల్లకుండా పోతుంది.

మొదటి వాక్యం ఇలా ఉంటుంది: "నా మనసు స్థిమితంగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, నా పూర్తి ఇష్టంతో రాసుకున్న వీలునామా. ఇంతకుముందు రాసినవి ఏవైనా ఉంటే అవన్నీ రద్దు." ఆ తర్వాత ఆస్తులు షెడ్యూలుగా రాయండి. "మా ఊళ్ళో ఇల్లు" అని వదిలేయకండి. ఇంటి నంబరు, సర్వే నంబరు, గజాలు, నాలుగు వైపులా హద్దులు, మీకు ఏ డాక్యుమెంటు ద్వారా వచ్చిందో దాని నంబరు, సంవత్సరం రాయండి. బంగారం ఉంటే ఏ నగ ఎవరికో పేర్లతో రాయండి. కాసులపేరు పెద్దమ్మాయికి, వంకీలు చిన్నమ్మాయికి అని తల్లి రాసి పెడితే ఆ ఇంట్లో పదో రోజు జరిగే చాలా మాటలు జరగకుండా ఉంటాయి. చివర్లో "ఇక్కడ రాయనివి, ఇకముందు నాకు వచ్చేవి ఫలానా వారికి" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. అది లేకపోతే వీలునామా రాశాక కొన్న స్థలం మళ్ళీ మొదటికొస్తుంది.

భార్యకి రాసేటప్పుడు మనవాళ్ళు సాధారణంగా "ఆమె జీవితకాలం అనుభవించి, తదనంతరం నా కుమారులు సర్వహక్కులతో అనుభవించవలెను" అని రాయిస్తారు. ఈ ఒక్క వాక్యం మీద తరాల తరబడి కేసులు నడిచాయి. భరణం కింద పరిమిత హక్కుతో ఇచ్చిన ఆస్తి కూడా ఆమెకి సంపూర్ణ హక్కుగా మారుతుందని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది మన ఆంధ్ర నుంచి వెళ్ళిన కేసే. ఆ తర్వాత ఇది మారే హక్కా, మారని హక్కా అని ప్రతి కుటుంబం కొట్లాడుతూనే ఉంది. నా సలహా అడిగితే, ఉంటున్న ఇల్లు భార్యకి దాన విక్రయాది సర్వహక్కులతో రాసేయండి. ఆమె తన వీలునామాలో పిల్లలకి రాస్తుంది. నలభై ఏళ్ళు సంసారం నడిపిన మనిషిని ఇల్లు అమ్ముకునే హక్కు లేకుండా కొడుకుల ముందు నిలబెట్టడం ఎందుకు?

ఒక బిడ్డకి తక్కువ ఇస్తున్నా, ఏమీ ఇవ్వకపోయినా కారణం రాయండి. "పెద్దవాడి చదువుకీ ఇంటికీ ముందే ఇచ్చాను, అందుకని ఇందులో వాటా ఇవ్వడం లేదు" అని రాస్తే, మర్చిపోయి రాశాడనో చిన్నవాడు దగ్గరుండి రాయించుకున్నాడనో అనడానికి వీలుండదు. అనుమానం కలిగే పరిస్థితులుంటే వాటిని తొలగించాల్సిన భారం వీలునామా చూపించేవాడిదేనని 1959లోనే సుప్రీంకోర్టు చెప్పింది. లాభపడే కొడుకు లాయరు దగ్గరికి తీసుకెళ్ళడం, పక్కన కూర్చోవడం, ఇంటికి వచ్చేదాకా వదలకపోవడం, ఇవన్నీ తర్వాత అతనికే ఎదురు తిరుగుతాయి. పిల్లలూ, దయచేసి ఆ రోజు మీరు బయట ఉండండి. వయసు ఎక్కువైనా, ఒంట్లో బాగోలేకపోయినా అదే రోజు డాక్టరు దగ్గర "మాటలు అర్థం చేసుకుని నిర్ణయం తీసుకోగల స్థితిలో ఉన్నారు" అని సర్టిఫికెట్ తీసుకోండి. వేలిముద్ర వేసేవారైతే "చదివి వినిపించగా విని, అర్థం చేసుకుని వేసిన వేలిముద్ర" అన్న మాట ఉండాలి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ చేయించండి. స్టాంపు డ్యూటీ ఉండదు, ఫీజు చిన్న మొత్తమే. ఆస్తి ఉన్న ఊళ్ళోనే చేయించాలన్న నియమం కూడా లేదు. మంచం దిగలేని స్థితిలో ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఇంటికే వచ్చి రిజిస్టర్ చేసే వీలుంది, దానికి విడిగా దరఖాస్తు పెట్టాలి. మీరు బతికుండగా ఆ వీలునామా నకలు మీ అనుమతి లేకుండా పిల్లలకి కూడా ఇవ్వరు. అసలు ఏం రాశారో ఎవరికీ తెలియకూడదంటే కవరులో సీలు వేసి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర భద్రపరచవచ్చు. రిజిస్టర్ చేశాక మనసు మారితే ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. చివరగా రాసిందే చెల్లుతుంది.

ఒకటి మాత్రం చెప్పి ఉంచండి: వీలునామా ఉందని, ఎక్కడుందని. ఏముందో చెప్పనక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల్లో హిందువులకి ప్రొబేట్ (వీలునామా అసలైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తప్పనిసరి కాదు కాబట్టి, మీ తర్వాత పిల్లలు మరణ ధ్రువపత్రం, వీలునామా పట్టుకుని మ్యుటేషన్‌కి, అంటే రికార్డుల్లో పేరు మార్పుకి దరఖాస్తు పెట్టుకుంటారు. అందరూ ఒప్పుకుంటే పని సాఫీగా అవుతుంది, ఒకరు అభ్యంతరం పెడితే సివిల్ కోర్టే.

బతికుండగానే ఇవ్వాలనుకుంటే షరతు రాయండి

ఇవ్వాల్సిన పరిస్థితులూ ఉంటాయి. వికలాంగుడైన బిడ్డకి ఒక గూడు కల్పించాలి, అమ్మాయికి ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి, కొడుకు ఆ స్థలంలో లోను తీసుకుని ఇల్లు కట్టుకోవాలి. అప్పుడు గిఫ్ట్ డీడ్ రాస్తారు. ఇది వీలునామా లాంటిది కాదు. రిజిస్టరైన క్షణం నుంచి ఆస్తి వాళ్ళది. మీ అంతట మీరు ఒక్కరే దాన్ని రద్దు చేసుకోలేరు.

మీ రక్షణకి ఉన్నది 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని సెక్షన్ 23. ఆస్తి పుచ్చుకున్నవారు మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చి, వాళ్ళు చూడకపోతే, ఆ బదిలీ మోసం వల్ల జరిగినట్టే లెక్కేసి ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. 2022లో సుదేశ్ చికారా కేసులో సుప్రీంకోర్టు, షరతు ఉందని చూపించాల్సిందే, కేవలం తల్లి రాసిచ్చింది కాబట్టి షరతు ఉన్నట్టు కాదు అంది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో, చట్టాన్ని పెద్దవాళ్ళకి మేలు జరిగేలా చూడాలని చెప్పి ఆ తల్లి ఆస్తిని వెనక్కి ఇప్పించింది. ఆ కేసులో కొడుకు చూసుకుంటానని రాసిచ్చిన కాగితం ఉంది. ఈ రెండు తీర్పుల నుంచి మీరు తీసుకోవాల్సింది: షరతు డీడ్‌లోనే ఉండాలి.

లేఖరి దగ్గర ఉండే నమూనాలో "ప్రేమాభిమానాలతో ఇచ్చితిని" అని మాత్రమే ఉంటుంది. దాని కింద ఈ అర్థం వచ్చేలా చేర్చమనండి:

"నా జీవితకాలం, నా భార్య జీవితకాలం ఈ ఇంటి కింది భాగంలో నివసించే హక్కు, పై భాగం అద్దె తీసుకునే హక్కు మాకే ఉంచుకున్నాను. గ్రహీత మా తిండి, బట్ట, వైద్యం, ఇతర అవసరాలు చూడవలెనన్న షరతు మీద ఈ ఆస్తి ఇస్తున్నాను. షరతు తప్పిన యెడల 2007 చట్టం సెక్షన్ 23 ప్రకారం ఈ దస్తావేజు రద్దు కోరే హక్కు నాకు కలదు. మా జీవితకాలంలో మా లిఖితపూర్వక అనుమతి లేకుండా తాకట్టు పెట్టరాదు."

"ఇలాంటివి రాస్తే అబ్బాయి నొచ్చుకుంటాడు" అని లేఖరే అనవచ్చు. చూసుకునే కొడుకుకి ఈ నాలుగు వాక్యాల వల్ల పోయేదేమీ లేదని నెమ్మదిగా చెప్పండి. ఎవరైనా ఒత్తిడి చేస్తే ఉన్న ఒక్క ఇల్లు మాత్రం ఇవ్వకండి.

నామినీ అంటే వారసుడు కాదు

బ్యాంకులో నామినీగా ఉన్నవారు డబ్బు తీసుకుంటారు, కానీ అది వారసులందరిదీ. ఎల్‌ఐసీ పాలసీ విషయంలో 1983లోనూ షేర్ల విషయంలో 2023 డిసెంబర్‌లోనూ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. బీమాకి మాత్రం 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే ఆ డబ్బు వాళ్ళకే చెందేలా చట్టం మారింది. అందుకని నామినీ పేరు, వీలునామాలో పేరు ఒకటే ఉండేలా చూసుకోండి. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకి నలుగురు నామినీల దాకా, ఎవరికెంత శాతమో రాసి పెట్టుకోవచ్చు. ఎప్పుడో పెళ్ళికాకముందు రాసిన నామినీ పేరు, చనిపోయిన అన్నయ్య పేరు ఇంకా అలాగే ఉండిపోతుంటాయి. పాసుబుక్కులు పట్టుకుని ఒకసారి బ్యాంకుకి వెళ్ళి రండి.

మాట పడిపోతే, మతిమరుపు వస్తే

కొడుకుకి జీపీఏ (మన తరఫున సంతకాలు, లావాదేవీలు చేసే అధికార పత్రం) ఇచ్చాం కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఇచ్చిన మనిషి మానసిక స్థితి కోల్పోతే మన చట్టంలో ఆ జీపీఏ అక్కడితో ముగిసిపోతుంది. సరిగ్గా కావాల్సినప్పుడే చెల్లదు. అప్పుడు సంరక్షకుడిగా నియమించమని హైకోర్టుకి వెళ్ళాల్సి వస్తుంది. అందుకని ముందే భార్యాభర్తల ఖాతాలని ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా జాయింట్ చేయించండి. ఆసుపత్రి ఖర్చుకని కొంత డబ్బు అందులో ఉంచండి. మతిమరుపు తొలి లక్షణాలు కనిపిస్తే వీలునామా పని వెంటనే, డాక్టరు సర్టిఫికెట్‌తో పూర్తి చేయండి.

ఇక కోలుకునే ఆశ లేని స్థితిలో వెంటిలేటర్ మీద పెట్టాలా వద్దా అన్నది మీరే ముందుగా రాసిపెట్టవచ్చు. 2018లో సుప్రీంకోర్టు ఈ హక్కుని ఒప్పుకుంది, 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ దగ్గర గానీ గెజిటెడ్ అధికారి దగ్గర గానీ ధ్రువీకరించుకుంటే చాలు. మీ తరఫున మాట్లాడేవారి పేర్లు అందులో రాయండి. ఐసీయూ బయట కూర్చుని అన్నాచెల్లెళ్ళు ఒకరినొకరు నిందించుకునే పరిస్థితి రాకుండా ఇది ఆపుతుంది.

పిల్లలు అమెరికాలో ఉంటే

విదేశాల్లో స్థిరపడినవారికి, ఓసీఐ కార్డున్నవారికి (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి) వ్యవసాయ భూమిని గిఫ్ట్‌గా ఇవ్వడానికి విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా మాత్రం రావచ్చు. పొలం ఉన్నవాళ్ళకి వీలునామాయే దారి అనడానికి ఇది ఇంకో కారణం. వాళ్ళు అక్కడి నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలంటే భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాలి. ఇక్కడికి అందిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి, ఆ గడువు దాటితే చిక్కే. అమెరికాలో పన్ను కట్టే పిల్లలకి ఒక ఏడాదిలో లక్ష డాలర్లు దాటి మీ నుంచి గిఫ్ట్‌గానో వారసత్వంగానో వస్తే అక్కడి పన్ను శాఖకి ఫారం 3520లో చూపించాలి. పన్ను ఉండదు కానీ చూపించకపోతే జరిమానా భారీగా ఉంటుంది.

చూడకపోతే ఆర్డీవో దగ్గరికి వెళ్ళండి

2007 చట్టం కింద ట్రిబ్యునల్‌కి అధిపతి ఆర్డీవో. తల్లిదండ్రులు ఏ వయసువారైనా, పిల్లల్లేని పెద్దలు అరవై దాటితే తమ ఆస్తి పొందబోయే బంధువు మీదా దరఖాస్తు పెట్టుకోవచ్చు. పిల్లలంటే కొడుకులే కాదు, కూతుళ్ళు, మనవలు, మనవరాళ్ళు కూడా. తెల్లకాగితం మీద మామూలు తెలుగులో రాసి, ఆధార్, ఆస్తి రాసిచ్చి ఉంటే ఆ డీడ్ నకలు, మందుల బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేయండి. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, మహా అయితే ఇంకో 30 రోజులు పొడిగిస్తారు. ఈలోగా మధ్యంతర భరణం అడగవచ్చు. భరణం నెలకి గరిష్ఠంగా 10,000 రూపాయలు. పిల్లలు అప్పీలుకి వెళ్ళినా భరణం కడుతూనే ఉండాలి.

ఇంట్లోంచి గెంటేసినా, కొట్టినా, ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోయినా 14567కి ఫోన్ చేయండి. అది వయోవృద్ధుల కోసమే పెట్టిన ఉచిత నంబరు. లాయరుని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది, దాని నంబరు 15100. ఆడవాళ్ళకి ఈ సాయం ఆదాయంతో సంబంధం లేకుండా దొరుకుతుంది.